పైడితల్లి ఇచ్చిన మాట

రైలుబండి కదలాలంటే గేటూ, పట్టాలు మార్చే పాయింటూ, సిగ్నలూ ఒకదానికొకటి మాట ఇచ్చుకోవాలి. చివరి మాట మాత్రం మనిషిది. స్టేషన్‌లో పనిచేసే పైడితల్లి పట్టాల దాకా నడిచి, దారి ఖాళీగా ఉందని కళ్లారా చూసి, "చూశాను" అనాలి.

పదేళ్లలో యంత్రాలు ఒక్కసారీ మాట తప్పలేదు. అందుకే నిన్న పైడితల్లి ఇడ్లీల ముందునుంచి లేవకుండానే "సూసాను" అనేసింది.

"పట్టాల మీద గేదె ఉందక్కా," అంది సిగ్నలు. బండిని ఆ సిగ్నలే ఆపింది. పైడితల్లిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు.

ఈరోజు టిఫిన్ విప్పకుండానే ఎండలో పట్టాల దగ్గరికి పరుగెత్తింది. చేరేసరికే సిగ్నలు పచ్చగా వెలుగుతోంది.

"నాను సూడకుండానే బండిని వదిలేత్తన్నావేటి?"

"మీ మాట అక్కర్లేకుండా మేం ముగ్గురం ఒప్పందం మార్చుకున్నామక్కా. ఎండలో రాకండి, కూర్చుని తినండి."