పద్నాలుగు గళ్లు

కాజాలు కుడుతున్న సునంద ఉలిక్కిపడింది.

ఎవరో పెద్దమనిషి దుకాణంలోకి వచ్చి, మోకాళ్ల మీద వంగి కుట్టుమిషన్ కిందికి తొంగిచూస్తున్నాడు.

"ఏయ్! ఏంది గది?" ఆమె భర్త శ్రీపాల్ కత్తెర పట్టుకునే లేచాడు.

"ఏం లేదు బిడ్డా. నెంబరు చూస్తున్న."

"నా మిషన్ నెంబరు నీకెందుకు? ఎత్తుకపోదామనా?"

"మానుకోట దుకాణంల కిస్తులకు తెచ్చినవా? కార్డు జర చూపియ్యి."

"కార్డు కావాల్నట! గల్లాపెట్టె గూడ చూపియ్యాల్నా? నడువ్!"

ఆయన మెల్లగా లేచి స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

"తండా మనిషి లెక్కున్నడు. తలుపు జర గట్టిగ పెట్టు," అన్నాడు శ్రీపాల్.

అది డెబ్బై ఎనిమిది వానాకాలం. వాళ్ల పెళ్లయి మూడు నెలలు. డోర్నకల్ స్టేషన్ దారిలో చిన్న టైలరు దుకాణం, వెనక ఒకటే గది. సునందకు అన్నీ ముచ్చటే. రైలు పోయినప్పుడల్లా గిన్నెల మూతలు గలగలలాడటం ముచ్చట. గిరాకీల దగ్గర మిగిలిన పీలికలన్నీ కలిపి దిండుకు గలీబు కుట్టుకోవడం ముచ్చట.

ఆ గులాబీరంగు కార్డొక్కటే ముచ్చట కాదు.

పెళ్లికి ముందే శ్రీపాల్ మిషన్‌తో పాటు తెచ్చుకున్న ఇరవై గళ్ల కార్డు. నెలకో కిస్తు, కిస్తుకో గడి. పద్నాలుగు గళ్లలో సంతకాలు పడ్డాయి. ఇంకో ఆరు పడితే మిషన్ వాళ్లది. వానలకు గిరాకీ పోయి పదిహేనోది ఆగింది.

"రోజువారీ వడ్డీకి గిరి తెచ్చి కిస్తు కడ్త," అన్నాడు శ్రీపాల్.

"గిరాయన రోజూ పొద్దుగూకంగ వసూలుకొస్తడు. ఆయనకేం కడ్తవ్?"

"ఇంకో గిరి తెచ్చి కడ్త."

"దానికి?"

"మీ బాపు ఉన్నడు గద!"

సునంద దారపుకండె విసిరింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత సునంద గల్లాపెట్టెలోని చిల్లర మళ్లీ లెక్కపెట్టింది.

శనివారం ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి మెట్టు మీదే ఆగాడు.

"బిడ్డా, దుకాణపోడు రాయించుకున్న కాగితం చదివినవా? నువ్వు కట్టేది మిషన్ ధర గాదు. కిరాయి అని రాసుకున్నడు. కిస్తు తప్పితే మిషన్ గుంజుకపోతడు. కట్టిందంత కిరాయి కిందికే పోతది."

సునంద కార్డున్న గల్లాపెట్టె వైపు చూసింది.

"సోమవారం మానుకోట కోర్టుకు రాండ్రి. కార్డు పట్టుకొని రాండ్రి. ఒక్కని మాట నమ్ముతలేరు. ఇంకొకరు..."

"కోర్టా?" శ్రీపాల్ మీదికి వచ్చాడు. "కొత్తగ పెండ్లయినోళ్లను ఎవరన్న సినిమాకు పొమ్మంటరు. నువ్వు కోర్టుకు పొమ్మంటవా? ఏ వకీలు పంపిండు నిన్ను? కమీషన్ ఎంత?"

"నేను గూడ..."

"దిగు! ముందు మెట్టు దిగు!"

ఆయన దిగాడు. సునంద సూదిలో దారం ఎక్కించింది. ఆయనను ఆపి అడగాల్సింది.

సోమవారం రెండు జాకెట్ల కూలి చేతికి వచ్చింది. ఇద్దరూ మ్యాట్నీకి వెళ్లారు. పల్లీలు కొనుక్కున్నారు.

బుధవారం ఇద్దరు మనుషులు రిక్షాతో వచ్చి మిషన్ ఎత్తారు.

"పద్నాలుగు కిస్తులు కట్టినం! ఇగో కార్డు!" సునంద మిషన్ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"అది కిరాయి చెల్లె. కాగితంల ఉన్నది."

"అమ్ముతున్నమని కార్డు చేతుల పెట్టి, కిరాయని కాగితం రాసుకుంటరా? దొంగలన్న నయం, చీకటైనంక వస్తరు! మీరు పట్టపగలే వచ్చిండ్రు!"

వాళ్లు నవ్వి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించారు.

మర్నాడు మొదటి రైలుకే ఇద్దరూ మానుకోటలో దిగి, కిస్తుల కేసులు చూసే వకీలు ఎవరని అడిగి ఆయన ఇంటికి వెళ్లారు. గుమస్తా కార్డు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది సోమవారం తెస్తే ఏం పోయింది తల్లీ? గా దుకాణం మీదనే కేసు. ఇసొంటి కార్డే ఉన్న ఇంకో మనిషిని తెమ్మన్నడు జడ్జి. ఎవ్వరూ రాలే. కొట్టేసిండు."

"కేసు ఎవరు వేసిండ్రు?"

"మాన్‌సింగ్ అని, గార్ల దిక్కు తండాల దర్జీ. పద్దెనిమిది కిస్తులు కట్టినంక మిషన్ గుంజుకపోయిండ్రు. డోర్నకల్ నుంచి ఒక జంట వస్తదని పొద్దంత కోర్టు మెట్ల మీదనే కూసున్నడు."

గుమస్తా కాగితాల కట్ట విప్పాడు. మాన్‌సింగ్ పోగొట్టుకున్న మిషన్ నెంబరు అందులో ఉంది. సునంద తన కార్డు మీది నెంబరు పక్కన పెట్టి చూసింది.

ఒక్క అంకె కూడా తేడా లేదు.

"ఆయన మిషన్నే మనకు అమ్మిండ్రా?" శ్రీపాల్ కార్డు లాక్కుని నెంబరు మళ్లీ చూశాడు. "ఆ మాట మనకెందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా?" కస్సుమంది సునంద. ఆ వెంటనే, తను మాత్రం అడిగిందా అనుకుని తల వంచుకుంది.

"మిషన్ వాపసు ఇప్పియ్యమన్నడా?" అని గుమస్తాను అడిగింది.

"మొదట గదే అడిగిండు. సోమవారం పొద్దుగాల వచ్చి ఇంకో అర్జీ రాయించిండు."

గుమస్తా కళ్లద్దాలు సర్దుకుని ఆ అర్జీ చదివాడు: "నేను కట్టిన పైకం ఇప్పిస్తే చాలును, ఆ మిషన్ మీద ఇప్పుడు ఒక కొత్త సంసారం నడుస్తున్నది గనుక, దానిని అక్కడి నుండి కదపవద్దని మనవి."