ఏడో నంబరు

ఏడో నంబరుది ఇంక ఒక్క సీసాయే మిగిలింది.

రెగులా ఆ సంగతి చెప్పగానే ఆమె పైఅధికారి డాక్టర్ బ్రుగ్గర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పీడ వదిలింది. మీ వాడు ఏడిపించినంతగా ఈ కంపెనీని ఇంకెవరూ ఏడిపించలేదు" అన్నాడు నవ్వుతూ.

రెగులా నవ్వలేదు.

బాసెల్‌లో, రైను నది ఒడ్డునున్న ఆ మందుల కంపెనీలో కొత్త మందేదైనా మనిషి నోట్లో పడేముందు కాలేయ కణాల మీద పడాలి. దానంగా వచ్చిన పది కాలేయాల కణాలు వేలెడంత సీసాల్లో గడ్డకట్టి ఉంటాయి. పేర్లుండవు. ఏడో నంబరు సీసాల మీద 'పురుషుడు, ఇరవై రెండేళ్లు, మరణం ఫిబ్రవరి పదకొండు' అని మాత్రం ఉంటుంది.

కాలేయం మందును ముక్కలుగా విరుస్తుంది. ఒక్కోసారి ఆ ముక్కల్లో ఒకటి విషమవుతుంది. మిగతా తొమ్మిదీ ఆ విషాన్ని ఇట్టే కడిగేసేవి. ఏడోది కడుక్కోలేక చచ్చిపోయేది. అలా నాలుగేళ్లలో మూడు మందులు మనుషుల దాకా రాకుండానే ఆగిపోయాయి. నాలుగోదాన్ని రసాయనాలు చూసే ఉర్సినా మార్చి, విషపు ముక్క పుట్టకుండా చేసింది. ఇవాళ దాన్ని వేలమంది కీళ్లనొప్పులకు వాడుతున్నారు.

ఈ నాలుగేళ్లలో రెగులాకు రెండుసార్లు పై పదవి వచ్చింది. ఈ పరీక్షల గది వదలనంది. పొగరన్నారు.

ఇప్పుడొచ్చింది మూర్ఛ మందు. తొమ్మిది తట్టుకున్నాయి. ఏడోది చచ్చింది.

"లక్షలో ఒకడుంటాడేమో అలాంటివాడు. వాడి కోసం అందరి మందూ ఆపుతామా?" అన్నాడు బ్రుగ్గర్.

"ఆ ఒక్కడూ ఎవరో ఒకరింట్లోనే పుడతాడు కదండీ" అంది రెగులా.

కంపెనీ నియమం ప్రకారం రెండోసారి కూడా రుజువైతేనే ఫలితం లెక్కలోకి వస్తుంది. ఉన్న ఆ ఒక్క సీసాతో పాత మందునే మళ్లీ పరీక్షించి దాన్ని ఆపించవచ్చు. లేదా ఉర్సినా కొత్తగా మార్చిన రూపాన్ని చూడవచ్చు; అది నెగ్గితే పాతదానికి బదులు అదే ముందుకెళ్తుంది. ఆపించడమే మేలని ఉర్సినా మూడు రోజులు చెప్పింది.

"నాలుగేళ్లుగా చచ్చే చూపించాడు. ఒక్కసారి బతకనియ్యి" అంది రెగులా.

గురువారం పొద్దున్నే సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి గడ్డ కరిగించింది. కణాలను గాజు పళ్లెంలో పోసి, మార్చిన మందు వేసింది. పదింటికి కణాలు గుండ్రంగా, మెరుస్తూ ఉన్నాయి. పన్నెండింటికీ అలాగే ఉన్నాయి. ఉర్సినా రొట్టె తెచ్చిపెడితే, చాలా రోజుల తర్వాత రెగులా కడుపునిండా తింది.

మూడింటికి అంచులు ఉబ్బడం మొదలైంది. నాలుగున్నరకు ఒక్కటీ మిగల్లేదు.

ఉర్సినా సూక్ష్మదర్శిని వదిలి పక్కకు జరిగింది. తన తప్పేనని, ఎక్కడో ఒక ముక్కను చూసుకోలేదని గొణిగింది. రెగులా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

బ్రుగ్గర్ వచ్చి ఫలితం చూశాడు. మార్చిన రూపం పనికిరాదు. పాతదాని మీద రెండో రుజువు లేదు, ఇక రాదు కూడా. పట్టికలో ఏడో గడి కొట్టేసి, సోమవారం నుంచి తొమ్మిదితోనే పని అన్నాడు. తొమ్మిదీ తట్టుకున్నాయి గనుక పాత మందు వసంతంలో మనుషుల మీదికి వెళ్తుంది. ఇకమీదట కాదనేవాడు లేడు.

మిగతావాళ్లు వెళ్లాక రెగులా ఆ గాజు పళ్లేన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. పారబోయడం ఆమె వల్ల కాలేదు. చివరికి తలుపు దగ్గర ఆగిన ఉర్సినా వెనక్కి వచ్చి ఆ పని చేసింది.

ట్రాము కోసం నిలబడి రెగులా భర్తకు ఫోన్ చేసి, "మన అబ్బాయి ఈరోజు పూర్తిగా వెళ్లిపోయాడు" అని చెప్పింది.