విప్పని పొట్లం

"తెలుగుకి పరీక్షేంట్రా? పొద్దున్న లేస్తే కొట్లో మాట్లాడేది అదే కదా!" అన్నాడు గంగయ్య శెట్టి.

భీమలింగం తల వంచుకున్నాడు. మెట్రిక్యులేషనుకి దరఖాస్తు రేపు పంపాలి. ఇంగ్లీషు కాక ఇంకో భాష ఏది రాస్తాడో అందులో వెయ్యాలి. వేశాక మార్చడానికి లేదు. ఒక్కదాంట్లో పోయినా పరీక్ష మొత్తం పోయినట్టే. పరీక్ష పోతే రాజమండ్రి కాలేజీ మాటే లేదు.

"సంస్కృతం నాకింకా పట్టుబడలేదండి నాన్నగారూ. తెలుగైతే ఎలాగైనా గట్టెక్కుతాను."

"ప్లీడరు గారబ్బాయి ఏం రాస్తున్నాడు?"

"సంస్కృతమేనండి."

"మరింకేం? శెట్టి కొడుక్కి నోరు తిరగలేదని ధవళేశ్వరం అంతా నవ్వాలా?"

"నవ్వితే నవ్వనివ్వండి. పరీక్ష రాసేది నేను కదండీ."

ఆ మాటకి గంగయ్య లేచాడు. ఇంతలో వంటింట్లోంచి తల్లి సంపూర్ణమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"వీధిలోకి వినపడుతోంది. అమ్మవారిని పూలు అడుగుదాం. ఆవిడ ఏది అంటే అది. ఇద్దరూ నోరెత్తకండి."

ఇద్దరూ సరేనన్నారు. సంస్కృతానికి ఎర్ర మందారం, తెలుగుకి తెల్ల నందివర్ధనం. రెండూ విడివిడిగా ఆకులో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. రెండోది విప్పకూడదు, అలాగే పారే నీళ్ళలో కలిపెయ్యాలి. విప్పితే అమ్మవారిని నమ్మనట్టు.

పొట్లాలు ఎవరు కట్టాలన్న ప్రశ్నే రాలేదు. గంగయ్య చేతి పొట్లం ఊళ్ళో అందరికీ తెలుసు. బాదం ఆకులో జీలకర్ర కట్టినా, మిరియాలు కట్టినా, అరటినారతో ఆయన ముడి వేశాడంటే ఇక అనుమానం లేదు. తూకం తక్కువని గాని, సరుకు తప్పని గాని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

గంగయ్య పెరట్లోకి వెళ్ళాడు. నందివర్ధనం చెట్టు దగ్గర కాస్సేపు నిలబడ్డాడు. వాడి మంచికే కదా అనుకున్నాడు. రెండు మందారాలు కోసుకొచ్చి రెండు పొట్లాలు కట్టాడు.

గుడిలో సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. ఒకటి తీసింది. ముడి విప్పి, పువ్వు కళ్ళకద్దుకుంది.

"చూశావా లింగం, అమ్మవారు ఎంత తేటగా చెప్పిందో!"

గంగయ్య రెండో పొట్లం కొడుకు చేతికిచ్చాడు. "కాలవలో కలిపి రా. విప్పకూడదు సుమా."

"తెలుసండి" అని వెళ్ళాడు భీమలింగం. రావడం కొంచెం ఆలస్యమైంది. వచ్చి, "సంస్కృతమే రాస్తానండి" అన్నాడు.

రాశాడు. ఫలితాలొచ్చాయి. గెజెట్టులో అతని పేరు లేదు. లెక్కలు, చరిత్ర, ఇంగ్లీషు అన్నీ బాగానే వచ్చాయనీ, సంస్కృతం ఒక్కటే ముంచేసిందనీ హెడ్మాస్టరు గారు చెప్పారు. తెలుగు పంతులుగారైతే, "నా దాంట్లో కూర్చోబెడితే నిద్దట్లో రాసేవాడివి కదరా!" అని నుదురు కొట్టుకున్నారు.

సంపూర్ణమ్మ అన్నం ముందు కూర్చుని కుడిచెయ్యి చూసుకునేది.

"ఈ పాడుచెయ్యేనండి. పక్కనున్నది తీసుంటే నా బిడ్డ ఈపాటికి కాలేజీలో ఉండేవాడు."

గంగయ్య సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కునేవాడు.

భీమలింగం కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు బేరాలు లేనప్పుడు గంగయ్య కదిపాడు.

"పరీక్షకి మళ్ళీ కట్టరా లింగం. ఈసారి తెలుగు రాద్దువుగాని."

"అమ్మ పడనివ్వదండి. అమ్మవారి మాట దాటితే ఇంటికి మంచిది కాదంటోంది. సంస్కృతమే మళ్ళీ రాయమంటోంది. అది నావల్ల కాదండి."

"నేను చెబుతాను మీ అమ్మకి."

"ఏమని చెబుతారండి?"

గంగయ్య చెప్పవలసింది ఒక్కటే ఉంది. అది చెబితే వీడు కాలేజీకి వెళతాడు. సంపూర్ణమ్మ చెయ్యి తప్పు లేకుండా పోతుంది. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, కొట్టు మెట్టు దిగాడు. మళ్ళీ ఆగాడు. ముందు వీడికి చెప్పాలి.

"లింగం, ఆ రోజు పూలు కోసినప్పుడు..."

"శెట్టిగారూ, కాస్త జీలకర్ర ఇప్పించండి, పొయ్యి మీద చారు మరుగుతోంది!" అంటూ వీరమ్మ వచ్చిపడింది.

భీమలింగం తూచి తండ్రికిచ్చాడు. గంగయ్య అలవాటుకొద్దీ ఆకు మడిచి నార చుట్టి ముడి వేశాడు. వీరమ్మ దాన్ని చూడనైనా చూడకుండా కొంగున కట్టుకుంది.

"చూసుకోవా వీరమ్మా?" అన్నాడు భీమలింగం.

"శెట్టిగారి పొట్లానికి చూసుకోడమేంటి బాబూ, చోద్యం కాకపోతే!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా తండ్రీ కొడుకులు అటే చూశారు. గంగయ్య మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా పీట మీద కూర్చోబెట్టాడు.

"అమ్మతో ఏమీ అనకండి నాన్నగారూ. ఊళ్ళో మీ పొట్లం విప్పి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ రోజు కాలవ గట్టు మీద. రెండోవాళ్ళు వద్దండి."