మీకే ముందు కబురు

సన్నాయిలాంటి ఓబో ఊదే డిట్మార్ దవడ గుమ్మడికాయలా వాచింది.

"పిప్పిపన్ను మాస్టారూ," అన్నాడు గుడ్డ కట్టుకున్న నోటితో.

"రేపు క్రిస్మస్ పెట్టుకుని ఇవాళే వాచాలా నీ పన్ను?"

చర్చి సంగీతం మాస్టారు వెండ్లర్ పైఅంతస్తులో పాటగాళ్ళ బెంచీ మీద కూలబడ్డాడు. నెల రోజులుగా కాంటాటాకి, అంటే పండగనాడు చర్చిలో పాడే పాటల వరసకి, బాణీ కట్టడం, ప్రతులు రాయడం, గొంతులు కలపడం. నిజం చెప్పాలంటే క్రిస్మస్ అంటేనే విసుగు పుట్టింది ఆయనకి. చర్చిలో పనిచేసేవాడు పైకి అనగలిగిన మాట కాదది.

పోయిన ఈస్టరుకి పాట మధ్యలో ఆగిపోతే ఊరంతా నవ్వింది. మళ్ళీ ఇలా అయితే వేరే ఊరు చూసుకోమని ఊరి పెద్దలు మొహం మీదే చెప్పేశారు. ఉంటున్న ఇల్లు చర్చిది. ఇంటినిండా పిల్లలు.

"నేను ఊదనా అండీ?"

మెట్ల దగ్గర ఎవరో కొత్త మనిషి. మాసిన కోటు, తడిసిన బూట్లు.

"నీకు ఓబో వచ్చా?"

"ఇంట్లో ఇలాంటిదే ఉంది. కాస్త మోటుది."

"స్వరాలు చదవగలవా?"

"చదవలేను. మీరు ఒక్కసారి పాడండి, పట్టుకుంటా."

వెండ్లర్ ఓపిక లేకపోయినా పాడాడు. ఆ మనిషి కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఊదాడు.

వెండ్లర్ లేచి నిలబడ్డాడు. ఇది నేను కట్టిన బాణీయేనా అనిపించింది. పసిబిడ్డ ఉయ్యాల నెమ్మదిగా ఊగుతున్నట్టుంది. డిట్మార్ కూడా పంటినొప్పి మరిచిపోయి నోరు తెరిచాడు, వెంటనే అబ్బా అని మూసుకున్నాడు.

"పేరేంటి నాయనా?"

"లోరెంట్స్ అండీ. దీనికి మాటలున్నాయా?"

"పాస్టరు గారు రాశారు. విను."

వెండ్లర్ కాగితం వెలుతురుకి పట్టుకుని చదివాడు.

"మేడలో రాజు నిద్రపోయాడు, ఆలయంలో పెద్దలు నిద్రపోయారు. కాపరులారా, మీకే ముందు కబురు. చేతులు మురికని వెనకాడకండి, లోపలికి రండి. తొట్టిలో పడుకున్నవాడు మీవాడే."

లోరెంట్స్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"ఇది రేపు అందరి ముందూ పాడతారా?"

"పాడతాం. ఏం?"

"ఏం లేదండీ," అని మొహం తుడుచుకున్నాడు.

అంతలో ధనధనా మెట్లెక్కి క్నౌట్ వచ్చాడు. ఊరి వాద్యగాళ్ళ సంఘానికి పెద్ద. బాకాలూ ఫిడేళ్ళూ డోళ్ళూ అన్నీ ఆయన మనుషుల చేతుల్లోనే ఉన్నాయి.

"ఎవడయ్యా వీడు?"

"దేవుడు పంపినవాడు," అన్నాడు వెండ్లర్. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది ఆయనకి.

"దేవుడు పంపితే పత్రం కూడా ఇచ్చే పంపాలి. ఏమోయ్, మర్యాదైన ఇంట్లో పుట్టినట్టు పత్రం ఉందా?"

"లేదండీ."

"విన్నారా! ఏ ఉరితీసే తలారి కొడుకో, చచ్చిన గొడ్ల తోలు ఒలిచేవాడి కొడుకో! వీడి పక్కన కూచుని ఊదామని తెలిస్తే మా పిల్లల్ని ఏ సంఘమూ చేర్చుకోదు."

"ఒక్క పాటకే కదా క్నౌట్ గారూ. మీరు వినలేదు గానీ..."

"వినక్కర్లేదు. వీడైనా ఉండాలి, మేమైనా ఉండాలి. రేపు మీరూ ఈ మహానుభావుడూ కలిసి ఊదుకోండి."

వెండ్లర్‌కి కోపం వచ్చింది. కానీ కోప్పడటానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. బాకాలు లేకపోతే కాంటాటాయే లేదు. ఓబో లేకపోతే ఒక్క పాట కుంటుతుంది, అంతే.

"నాయనా..." అన్నాడు ఎటో చూస్తూ. "నువ్వు వెళ్ళు."

లోరెంట్స్ ఓబోని నోరు తగిలిన చోట చొక్కా అంచుతో తుడిచి బెంచీ మీద పెట్టాడు.

"దాన్ని వేణ్ణీళ్ళతో కడుగు," అన్నాడు క్నౌట్ డిట్మార్‌తో.

"రేపు వచ్చి వినొచ్చా అండీ?"

"తలుపు బయట నిలబడి వినుకో. ఎవరొద్దన్నారు?" అన్నాడు క్నౌట్.

వెండ్లర్ కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

మర్నాడు బాకాలు అదరగొట్టాయి. కాపరుల పాటకి ఓబో బదులు ఫిడేలు వాయించారు. బాగానే ఉందన్నారు అందరూ. ఊరి పెద్ద తల పంకించాడు. వెండ్లర్ ఉద్యోగం నిలబడింది.

రొట్టెలమ్మే బార్బరా అయితే కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి మరీ చెప్పింది. "ఏం మాటలు మాస్టారూ! పేదవాళ్ళనే ముందు పిలిచాడట. ఏడుపాగలేదు నాకు."

క్నౌట్ కూడా ముక్కు చీదుకున్నాడు.

వెండ్లర్‌కి మాత్రం అక్కడ ఉండబుద్ధి కాలేదు. గబగబా మెట్లు దిగి బయటికొచ్చాడు. ఆ మనిషి కనిపిస్తే క్షమించమని అడగాలి, ఇంటికి తీసుకెళ్ళి తన పక్కన కూచోబెట్టుకుని భోజనం పెట్టాలి. ఎవరేమనుకుంటే అనుకోనీ.

తలుపు బయట మంచు తప్ప ఏమీ లేదు. గంటలు కొట్టే ముసలి యోస్ట్ మెట్లు ఊడుస్తున్నాడు.

"యోస్ట్, ఇక్కడ ఒకతను..."

"లోరెంట్సా? మీ పాట అయ్యేదాకా టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడే వెళ్ళిపోయాడు."

"నీకు తెలుసా అతను? నిజంగా తలారి కొడుకేనా?"

"భలేవారే మాస్టారూ, తలారేమిటి!" యోస్ట్ చీపురు దులిపాడు. "ఇతని వాళ్ళనీ ఆ సంఘం గడప తొక్కనివ్వదు లెండి. అతను గొర్రెల కాపరి."