బెల్టు గంట

హిందూపురంలో పాత కార్ల షెడ్డు. పద్దెనిమిదేళ్ల లోకేష్ ఎర్ర కారెక్కి తాళం తిప్పగానే, బెల్టు పెట్టుకోమని గంట మోగింది.

బ్రోకరు నవ్వి, బెల్టును లోకేష్ వీపు వెనకనుంచి లాగి బిగించాడు. గంట ఆగింది.

"ఇట్ల పెడితే మోగదబ్బా. అందరూ ఇంతే."

లోకేష్ దిగిపోయాడు. "నాకు కారొద్దు నాయనా."

"నిన్నటిదాకా కారు కారని నా పానం తింటివి కదరా!" అన్నాడు తండ్రి నారాయణప్ప.

"ఆ పొద్దు పెనుకొండ దారిలో అమ్మకు బెల్టు ఇట్ల ఎనక్కి పెట్టింది నేనే. మోగుతాందని."

ఆనాటి ప్రమాదంలో కారు నడిపిన బావమరిది గిరే లోకేష్ తల్లిని చంపాడని, దినాలకు వచ్చినవాణ్ణి నారాయణప్ప అందరి ముందూ చెప్పుతో కొట్టి తరిమాడు.

ఇప్పుడు నారాయణప్ప కారులోకి వంగి బెల్టు ఊడదీశాడు. గంట మళ్లీ మొదలైంది. బ్రోకరు తాళం తిప్పి ఆపబోయాడు.

"మోగనీ," అన్నాడు నారాయణప్ప, కొడుకు వైపు చూడకుండా.