వంటింటి గోడ మీది ఎమ్మెల్యే

ప్రతి ఇంట్లోనూ వంటింటి గోడ మీద ఎమ్మెల్యే బొమ్మ మాట్లాడటం మొదలయ్యాక బుచ్చిమల్లుకు అన్నం సయించడం లేదు. ఆ బొమ్మ ఊరందరితోనూ ఒకేసారి ముచ్చట పెడుతుంది. అయినా తన భార్య లచ్చవ్వతోనే మరీ తీరిగ్గా మాట్లాడుతోందని అతని అనుమానం.

“తిన్నవా అక్కా?” అని అడిగింది బొమ్మ. “చేన్ల కష్టం ఆడోళ్లది. పెట్టుబడి సాయం మీ పేరు మీదనే పడాలెనని అసెంబ్లీల కొట్లాడుతున్న. రోడ్డు గూడ నువ్వు చూపెట్టిన దిక్కే ఏపిస్త.”

లచ్చవ్వ నవ్వి, బొమ్మ చెంప మీది పిండి మరకను కొంగుతో తుడిచింది. జ్వరమొచ్చిన నాడు కూడా తన నుదురు అంత మెత్తగా తుడవలేదని బుచ్చిమల్లుకు కడుపు మండింది.

“పొద్దుగాలసంది వానితోని ఏం ముచ్చట్లే నీకు?”

“నువ్వు చెప్తవు. ఆయన అడుగుతడు” అంది లచ్చవ్వ.

ఆ మాట అతన్ని రెండు రోజులు తొలిచింది. మూడోనాడు చేను గట్టు మీద గొంతు సవరించుకుని, పెళ్లయ్యాక మొదటిసారి అడిగాడు.

“ఈయేడు ఏం ఏద్దామంటవే?”

లచ్చవ్వ అతన్ని జాలిగా చూసింది.

“కందులు. మొన్ననే ఆయనకు చెప్పిన, ఇత్తనాలు గూడ ఇంట్ల దిగినయ్. దున్నుడన్న నువ్వు దున్నుతవా, అది గూడ ఆయన్నే అడగాల్నా?”