కణాలకు కళ్ళుండవు

“కళ్ళు మూసుకోండి. కణాలకు కళ్ళుండవు,” అన్నాడు సైన్సు మాస్టరు మునిశేఖర్.

టమోటా టెంపోలో, రోగికి గాలి తగలకూడదని మాస్టరు దించిన టార్పాలిన్ వెనక, అంజినప్ప విసుగ్గా కళ్ళు మూసుకున్నాడు. అన్న దాసప్ప తల అతని ఒళ్ళో ఉంది. పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. మూతి వంకరపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. పక్షవాతానికి పసరు పోసే ఆయన కుప్పం దారిలో ఉంటాడు. ఎండెక్కక ముందే పోయించాలి. ఆస్పత్రి మాటెత్తిన మాస్టరును అంజినప్పే కసిరాడు. మాస్టరు మారు మాట్లాడకుండా బండి పిలిచి, తనూ ఎక్కాడు. అన్నకు ఏమయిందని అడిగిన పాపానికి ఇప్పుడీ పాఠం.

“రెడ్డెమ్మా, నువ్వు మెదడులో రక్తమందని కణానివి. చచ్చేముందు గ్లుటమేట్ అనే రసాయనాన్ని పక్కవాళ్ళ మీద కుమ్మరిస్తావు.”

“నేనట్లాంటిదాన్ని కాదప్పా,” అంది దాసప్ప భార్య.

“అంజినప్పా, నువ్వు పక్క కణం. అది తగిలి నీ తలుపులు తెరుచుకున్నాయి. కాల్షియం లోపలికి దూరుతాండాది.”

“దూరనీలే సార్. ఎముకలకు మంచిదంట గదా.”

“చుట్టమూ మంచోడే. ఊరంతా ఒక్కసారిగా నీ వంటింట్లో దూరితే?”

అంజినప్పకు కూతురి పెళ్ళి గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

“లోపలుండే ఎంజైములు రెచ్చిపోయి నీ గోడల్నే కొరుకుతాయి. నువ్వూ పోతావు.”

“నేను యాల పోతాను సార్? పడింది మాయన్న గదా.”

బండి పుంగనూరులో ఎటో మలుపు తిరిగింది. అంజినప్ప రెప్పలెత్తబోయాడు.

“కళ్ళు,” అన్నాడు మాస్టరు. బళ్ళో గదిమే గొంతు. రెప్పలు వాలాయి.

“పోయినేడు మీ ఇంట్లో ఆయమ్మనూ పసరుకే తీసకపోయినాము గదా సార్,” అంది రెడ్డెమ్మ. “ఈ బాగోతమంతా అప్పుడు చెప్పలేదే?”

మాస్టరు టార్పాలిన్ అంచును ఇంకాస్త కిందికి లాగాడు.

“ఆమె పోయినాక చదివినానమ్మా.”

టెంపో గుంతలో పడి లేచింది. దాసప్ప మూలిగాడు.

“దెబ్బతిన్న చోటి అంచుల్లో ఇంకా చావని కణాలుంటాయి,” అన్నాడు మాస్టరు. “రక్తం తొందరగా అందితే బతుకుతాయి.”

“అందుకే గదా పసరుకు పోతాండేది,” అన్నాడు అంజినప్ప, గెలిచినట్టు.

“ఊఁ.”

బండి ఆగింది. మాస్టరు దగ్గర చదువుకున్న డ్రైవరు మునిస్వామి దిగొచ్చి టార్పాలిన్ ఎత్తాడు.

“అప్పుడే పసరాయన ఇల్లొచ్చెనా?” కళ్ళు తెరవకుండానే అడిగాడు అంజినప్ప.

“మదనపల్లె ఆస్పత్రి, సార్,” అన్నాడు మునిస్వామి మాస్టరుతో.